గీత గీసే చెయ్యి ఎవరిది?

1904 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ ఆరో వార్డు ఓటర్లు పోలింగుకు వెళ్లింది కొత్త కౌన్సిలర్ కోసం కాదు, ఉన్న కౌన్సిలర్‌ను గడువు తీరకముందే దింపాలా వద్దా తేల్చడానికి. అమెరికా నగరాల్లో అలాంటి ఎన్నిక అదే మొదటిది. ఆ కౌన్సిలర్ జె.పి. డావెన్‌పోర్ట్. నగరపాలక ప్రకటనలు అచ్చువేసే కాంట్రాక్టును, తక్కువకు చేస్తామన్నవాళ్లను పక్కనబెట్టి, లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికకు కట్టబెట్టడానికి ఆయన ఓటేశాడన్నది ఆరోపణ. ధరలో తేడా 15,000 డాలర్ల దాకా ఉందన్నారు. టైమ్స్ యజమాని హారిసన్ గ్రే ఓటిస్‌కు కార్మిక సంఘాలంటే గిట్టదు, ప్రెస్సుల్లో పనిచేసే కార్మికుల సంఘానికి ఓటిస్ అంటే అసలే గిట్టదు. సంతకాల కాగితాలు పుచ్చుకుని వార్డంతా తిరిగింది వాళ్లే. డావెన్‌పోర్ట్ ఓడిపోయాడు.

ప్రజల చేతికి ఈ అస్త్రం అందేలా చూసినవాడు ఒక డాక్టరు. జాన్ రాండాల్ఫ్ హేన్స్ 1887లో పెన్సిల్వేనియా నుంచి లాస్ ఏంజెలెస్ వచ్చాడు. డబ్బున్నవాళ్లకు వైద్యం చేశాడు, స్థలాలు కొని తనూ బాగా గడించాడు, అదే సమయంలో సోషలిజం మాట్లాడాడు. ఇలాంటి మనుషులు మన ఊళ్లలోనూ కనిపిస్తారు, కాకపోతే హేన్స్‌కు పట్టుదల ఎక్కువ. 1895లో 'డైరెక్ట్ లెజిస్లేషన్ లీగ్' అనే సంఘం పెట్టి, ఏడెనిమిదేళ్లు ఒకే మాట మీద నిలబడ్డాడు. కౌన్సిల్ చేయని చట్టాన్ని జనమే సంతకాలు పోగుచేసి ఓటుకు పెట్టుకోగలగాలి, కౌన్సిల్ చేసిన చెడ్డ చట్టాన్ని జనమే ఆపగలగాలి, చెడ్డ కౌన్సిలర్‌ను జనమే దింపగలగాలి. అక్కడివాళ్లు వీటిని ఇనిషియేటివ్, రెఫరెండం, రీకాల్ అంటారు.

మొదటి రెండూ స్విట్జర్లాండ్‌ నుంచి వచ్చిన సరుకు. జె.డబ్ల్యు. సలివన్ అనే అమెరికన్ పాత్రికేయుడు ఆ దేశం చూసొచ్చి, అక్కడి కాంటన్లలో జనం నేరుగా చట్టాలు చేసుకునే తీరు మీద 1890ల మొదట్లో ఒక పుస్తకం వేశాడు. కార్మిక సంఘాల్లో, రైతు సంఘాల్లో అది చేతులు మారుతూ తిరిగింది. 1898లో సౌత్ డకోటా రాష్ట్రం ఈ పద్ధతిని తన రాజ్యాంగంలో పెట్టుకుంది, అదే ఏడు శాన్ ఫ్రాన్సిస్కో తన నగర చార్టర్‌లో పెట్టుకుంది. లాస్ ఏంజెలెస్ ఓటర్లు 1902 డిసెంబరులో వీటికి రీకాల్‌ను కూడా చేర్చి ఆమోదించారు. 1903 జనవరిలో రాష్ట్ర శాసనసభ ముద్ర పడింది.

అంత పట్టుదల దేనికంటే రైలు కంపెనీ వల్ల. ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో సదరన్ పసిఫిక్ రైల్‌రోడ్ అంటే రైళ్లు ఒక్కటే కాదు. శాసనసభలో ఎవరుండాలి, కౌన్సిల్లో ఎవరుండాలి అన్నవి దాని రాజకీయ విభాగంలో తేలేవి. లాస్ ఏంజెలెస్‌లో ఆ వ్యవహారాలు చూసే వాల్టర్ పార్కర్ ఏ పదవికీ పోటీ చేయలేదు, పదవుల్లోకి మనుషులను పంపించేవాడు. కౌన్సిలర్‌ను కొనడం తేలిక, లక్ష మంది ఊరిని కొనడం కష్టం అని హేన్స్ నమ్మాడు. ఊరిని కొనే పద్ధతులు కూడా తర్వాత వచ్చాయి, ఆ కథ కాసేపట్లో చెబుతాను.

1909లో మేయర్ ఆర్థర్ హార్పర్ మీద రీకాల్ ఎన్నిక ప్రకటించగానే, పోలింగు దాకా ఆగకుండా ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు. 1911 అక్టోబరులో గవర్నర్ హైరమ్ జాన్సన్ ఈ మూడు హక్కులనూ రాష్ట్రమంతటికీ తెచ్చాడు. ఆ రోజు బ్యాలెట్ మీదే మహిళల ఓటుహక్కు కూడా గెలిచింది. 1938లో లాస్ ఏంజెలెస్ మేయర్ ఫ్రాంక్ షాను జనం నిజంగానే దింపేశారు. 

ఇంత చేసిన సంస్కర్తలు ఒక్కదాన్ని మాత్రం వదిలేశారు. వార్డుల హద్దులు ఎవరు గీయాలి?

వాళ్లకు తెలియక వదిలేసింది కాదు. బాస్టన్ పత్రికలో గెర్రీమాండర్ వ్యంగ్యచిత్రం పడింది 1812లో. మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ తన పార్టీ కోసం ఆమోదించిన ఎసెక్స్ కౌంటీ నియోజకవర్గానికి రెక్కలూ గోళ్లూ తగిలించి బొమ్మ వేశారు. వందేళ్ల పాత జబ్బు అది. లాస్ ఏంజెలెస్ సంస్కర్తలు దానికి వేరే మందు ఎంచుకున్నారు. అసలు వార్డులే లేకుండా చేస్తే గీతల గొడవే ఉండదన్నారు. అప్పటిదాకా నగరంలో 9 వార్డులుండేవి. 1909లో వాటిని రద్దుచేసి, కౌన్సిలర్లందరినీ ఊరంతా కలిసి ఎన్నుకునే పద్ధతి తెచ్చారు. వార్డు నాయకుల పెత్తనం పోతుందన్నది వాళ్ల వాదన. అది కొంత పోయింది. దాంతోపాటు పేదల వాడల గొంతు కూడా పోయింది. ఊరంతా ప్రచారం చేయాలంటే డబ్బుండాలి, పత్రికల అండ ఉండాలి. ఒక పేటలో పేరున్న మనిషి ఊరంతటా గెలవలేడు. మంచి చేద్దామనుకున్నవాళ్లు మధ్యతరగతికి అనుకూలంగా ఆటను మార్చేశారు. సంస్కర్తల మీద నాకున్న గౌరవం ఈ చోట కొంచెం తగ్గుతుంది.

పదిహేనేళ్లు చూశాక ఓటర్లే ఆ పద్ధతిని తిప్పికొట్టారు. 1924లో ఆమోదించిన కొత్త చార్టర్ 1925లో అమల్లోకి వచ్చింది. 15 డిస్ట్రిక్టులు, 15 మంది కౌన్సిలర్లు. ఆ సంఖ్య ఇవాళ్టికీ మారలేదు. డిస్ట్రిక్టుల గీతలు గీసే పని మాత్రం ఆ 15 మందికే అప్పగించారు. ఎవరి పొలానికి వాళ్లే గట్టు వేసుకోమన్నట్టు.

అప్పట్లో దీనిని అడ్డుకునే చట్టమేదీ లేదు. ఒక డిస్ట్రిక్టులో వెయ్యి మంది, పక్క డిస్ట్రిక్టులో లక్ష మంది ఉన్నా కోర్టులు అది రాజకీయ వ్యవహారమని తలుపు వేసేవి. 1962లో బేకర్ వర్సెస్ కార్ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు తీసింది. రాష్ట్ర చట్టసభలకు 'ఒక మనిషికి ఒక ఓటు' సూత్రం 1964లో వర్తించింది, స్థానిక సంస్థలకు 1968లో, ఏవరీ వర్సెస్ మిడ్‌లాండ్ కౌంటీ కేసులో. టెక్సస్‌లోని ఆ కౌంటీ లెక్కలు చదివితే నవ్వొస్తుంది. నలుగురు కమిషనర్లకు నాలుగు డిస్ట్రిక్టులు. పట్టణం దాదాపు మొత్తంగా ఉన్న డిస్ట్రిక్టులో 67,906 మంది జనం. మిగతా మూడింట్లో 852, 414, 828. పట్టణంలో ఉన్న అరవై ఏడు వేల మందికి ఒక ఓటు, పల్లెల్లో ఉన్న రెండు వేల మందికి మూడు ఓట్లు.

అప్పటి నుంచి ప్రతి పదేళ్లకూ జనగణన లెక్కలు రాగానే గీతలు సవరించడం తప్పనిసరి అయింది. పని ఇలా సాగుతుంది. సెన్సస్ బ్యూరో ఊరిని బ్లాకులుగా విడగొట్టి ఒక్కో బ్లాకులో ఎంతమంది, ఏ జాతివాళ్లు అన్న లెక్క ఇస్తుంది. ఆ బ్లాకులను కలుపుతూ డిస్ట్రిక్టులు కడతారు. డిస్ట్రిక్టులన్నీ జనాభాలో దాదాపు సమానంగా ఉండాలి. స్థానిక సంస్థల్లో అన్నిటికంటే పెద్దదానికీ అన్నిటికంటే చిన్నదానికీ మధ్య తేడా పదిశాతం లోపుంటే కోర్టులు సాధారణంగా ఊరుకుంటాయి. డిస్ట్రిక్టు ముక్కలుగా తెగకుండా ఒకటిగా ఉండాలి. 1965 నాటి ఓటుహక్కుల చట్టం ప్రకారం మైనారిటీల ఓటు బలం తగ్గించేలా గీయకూడదు. ఒక పేటను, ఒక వ్యాపారవీధిని, ఒక భాష మాట్లాడే జనాన్ని వీలైనంతవరకు విడదీయకూడదు. వినడానికి ఇవన్నీ లెక్కల్లా ఉంటాయి కానీ ఈ నియమాలన్నీ పాటిస్తూనే వందరకాల పటాలు గీయొచ్చు. ఆ వందలో ఏది ఎంచుకోవాలన్న దగ్గరే రాజకీయం దూరుతుంది.

లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాలున్నవాళ్ల కథ దీనికి మంచి సాక్ష్యం. ఆ ఊరు పుట్టిందే స్పానిష్ పేరుతో. అయినా 1881 తర్వాత కౌన్సిల్లో అడుగుపెట్టిన మొదటి మెక్సికన్ అమెరికన్ 1949లో గెలిచిన ఎడ్వర్డ్ రాయ్‌బాల్. ఆయన 1962లో కాంగ్రెస్‌కు ఎన్నికై వెళ్లాక మళ్లీ 1985 దాకా ఒక్క లాటినో కూడా కౌన్సిల్లో లేడు. 1980 జనగణన నాటికే ఊరి జనాభాలో వాళ్లు నాలుగో వంతు దాటిపోయారు. జనం ఒకచోట ఉన్నా గీతలు వాళ్లను నాలుగు చోట్లకు పంచాయి. 1985 నవంబరులో కేంద్ర న్యాయశాఖ నగరం మీద దావా వేసింది. మరుసటి నెలలో రిచర్డ్ అలతోర్రే గెలిచి కౌన్సిల్లోకి వచ్చాడు, కొత్త పటం బాధ్యత ఆయన నెత్తిన పడింది.

ఆ తర్వాత జరిగింది చూస్తే సిట్టింగ్ కౌన్సిలర్లు గీతలు గీస్తే ఏమవుతుందో అర్థమవుతుంది. లాటినోలకు కొత్త స్థానం రావాలంటే ఎవరిదో ఒకరి స్థానం పోవాలి. మొదటి పటంలో పోటు మైకేల్ వూకు తగిలింది. కౌన్సిల్ చరిత్రలోనే మొదటి ఆసియన్ అమెరికన్ సభ్యుడాయన, గెలిచి ఏడాదే అయింది. మేయర్ టామ్ బ్రాడ్లీ ఆ పటాన్ని వీటో చేశాడు. ఇంతలో, 1986లోనే, హోవర్డ్ ఫిన్ అనే సీనియర్ కౌన్సిలర్ చనిపోయాడు. చిక్కుముడి విడిపోయింది. ఖాళీ అయిన స్థానాన్ని అడ్డంపెట్టి అందరూ బతికిపోయేలా పటం గీశారు. చనిపోయినవాడు అభ్యంతరం చెప్పడు కదా. కొత్తగా ఏర్పడ్డ ఒకటో డిస్ట్రిక్టు నుంచి 1987లో గ్లోరియా మొలీనా గెలిచి, కౌన్సిల్లో మొదటి లాటినా అయింది.

1999లో మరో చార్టర్ వచ్చింది. పునర్విభజన సంఘం ఒకటి పెట్టారు, 21 మందితో. కౌన్సిలర్లు ఒక్కొక్కరు ఒకరిని, కౌన్సిల్ అధ్యక్షుడు ఇద్దరిని, మేయర్ ముగ్గురిని, సిటీ అటార్నీ, కంట్రోలర్ చెరొకరిని నియమించేవారు. ఆ సంఘం బహిరంగ సమావేశాలు పెట్టి, జనం మాట విని, ఒక పటం గీసి కౌన్సిల్‌కు ఇచ్చేది. కౌన్సిల్ దాన్ని తీసుకునే, మార్చుకునే, పక్కన పడేసే వీలుండేది. అంటే సలహా సంఘం. మన దగ్గర ఇలాంటి సంఘాలకు కొదవ లేదు కాబట్టి దాని గతి ఏమవుతుందో తెలుగు పాఠకుడికి చెప్పనక్కర్లేదు.

2021లో చెప్పుకోదగ్గ రచ్చ జరిగింది. సంఘంలో తాము పెట్టిన మనిషిని మధ్యలో తీసేసి వేరొకరిని పెట్టిన కౌన్సిలర్లు ఉన్నారు. సంఘం అక్టోబరులో పటం ఇచ్చింది. కౌన్సిల్ దానిని తనకు కావలసినట్టు మార్చుకుని డిసెంబరులో ఆమోదించింది. దెబ్బతిన్నవాళ్లలో నిత్యా రామన్ ఒకరు. కేరళలో పుట్టిన తమిళ కుటుంబం అమ్మాయి, 2020లో నాలుగో డిస్ట్రిక్టు నుంచి గెలిచి లాస్ ఏంజెలెస్ కౌన్సిల్లో మొదటి దక్షిణాసియా మహిళ అయ్యారు. గెలిచిన ఏడాదికే ఆమె డిస్ట్రిక్టు నుంచి సుమారు నలభై శాతం జనాన్ని తప్పించి కొత్త పేటలు కలిపారు. ఆమెకు ఓటేసినవాళ్లలో చాలామంది పొద్దున లేచేసరికి వేరే కౌన్సిలర్ మనుషులయ్యారు.

తెర వెనక ఏం జరిగిందో 2022 అక్టోబరు 9న బయటపడింది. ఏడాది కిందట కార్మిక సమాఖ్య కార్యాలయంలో నలుగురు మాట్లాడుకున్న మాటల రికార్డింగ్‌ను లాస్ ఏంజెలెస్ టైమ్స్ ప్రచురించింది. కౌన్సిల్ అధ్యక్షురాలు నూరీ మార్టినెజ్, కౌన్సిలర్లు కెవిన్ డి లియోన్, గిల్ సెడిల్లో, సమాఖ్య అధ్యక్షుడు రాన్ హెరేరా. అక్కడ దొర్లిన జాతి దూషణలు, సహ కౌన్సిలర్ పసివాడి మీద అన్న మాటలు దేశమంతా మార్మోగాయి. అధ్యక్షుడు బైడెన్ దాకా రాజీనామాలు చేయమన్నారు. ఆ రికార్డింగ్‌లో నాకు మరింత ముఖ్యంగా కనిపించింది బూతులు కాని భాగం. విమానాశ్రయం, విశ్వవిద్యాలయం లాంటివి ఎవరి డిస్ట్రిక్టులో పడితే ఎవరికి లాభం, కొరియాటౌన్ మొత్తాన్ని రామన్‌కు ఇస్తే అద్దె ఇళ్లలో ఉండేవాళ్ల ఓట్లు ఆమెకు గట్టిపడతాయి కాబట్టి ఇవ్వకూడదు, ఈ ముచ్చట్లు చాలా మామూలుగా సాగాయి. వాళ్లు మాట్లాడుకున్న విషయంలో చట్టవిరుద్ధం పెద్దగా లేదు. అప్పటి చార్టర్ ప్రకారం ఆ పటం మీద ఓటేసే అధికారం వాళ్లలో ముగ్గురికి కౌన్సిల్ సభ్యులుగా ఉండేది.

మార్టినెజ్ మూడు రోజుల్లో రాజీనామా చేసింది, హెరేరా కూడా తప్పుకున్నాడు. సెడిల్లో అప్పటికే ప్రైమరీలో ఓడిపోయి ఉన్నాడు. డి లియోన్ ఎంతమంది కేకలేసినా కదల్లేదు, 2024 నవంబరులో ఓటర్లు దింపారు. ఆ నవంబరు బ్యాలెట్ మీదే 'చార్టర్ అమెండ్‌మెంట్ డీడీ' ఉంది, భారీ మెజారిటీతో గెలిచింది. ఇక ముందు డిస్ట్రిక్టుల పటం స్వతంత్ర సంఘం గీస్తుంది, దాని మాటే ఆఖరి మాట, కౌన్సిల్ చెయ్యి పెట్టడానికి లేదు. సభ్యులను కౌన్సిలర్లు నియమించరు. దరఖాస్తు చేసుకున్న అర్హుల్లోంచి కొందరిని లాటరీలా తీస్తారు, వాళ్లు మిగతావాళ్లను ఎంచుకుంటారు. రాష్ట్ర స్థాయిలో ఇలాంటి 14 మంది సంఘం 2008లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదనతోనే వచ్చింది. అక్కడా మొదటి ఎనిమిది మంది పేర్లు లాటరీలోనే వస్తాయి.

విచిత్రమేమిటంటే డీడీని ఓటుకు పెట్టింది జనం సంతకాలు కాదు, అదే కౌన్సిల్. బ్యాలెట్ మీదకు వచ్చే ప్రతిపాదనలన్నీ ఒక్కలా కనిపిస్తాయి కానీ దారులు రెండు. కౌన్సిలే తీర్మానం చేసి ఓటుకు పంపొచ్చు. లేదంటే జనం సంతకాలతో రావచ్చు. లాస్ ఏంజెలెస్‌లో కొత్త చట్టం ప్రతిపాదించాలంటే గత మేయర్ ఎన్నికలో పడ్డ ఓట్లలో పదిహేను శాతం సంతకాలు కావాలి, కౌన్సిల్ చేసిన చట్టాన్ని ఆపాలంటే పది శాతం. 2022 మేయర్ ఎన్నికలో సుమారు 9,30,000 ఓట్లు పడ్డాయి, కాబట్టి మొదటిదానికి దాదాపు 1,40,000, రెండోదానికి 93,000 సంతకాలు. ముసాయిదా సిటీ అటార్నీకి వెళ్తుంది, దానికి శీర్షికా సారాంశమూ అక్కడ రాసిస్తారు. ఆ తర్వాత గడువులోగా సంతకాలు తేవాలి. ఎన్నికల సిబ్బంది సంతకాలను ఓటర్ల జాబితాతో పోల్చి చూస్తారు. సరిపోతే కౌన్సిల్ ముందు రెండే దారులు, ఉన్నదున్నట్టు చట్టం చేయడం లేదా ఓటుకు పెట్టడం.

హేన్స్ కాలంలో సంతకాలు తెచ్చింది సంఘాల మనుషులు. ఇప్పుడు సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర ప్యాడ్ పట్టుకుని నిలబడేవాళ్లు ఎక్కువగా కూలికి పనిచేసేవాళ్లు, సంతకానికి ఇంత అని. కాబట్టి డబ్బున్నవాడికి ఇనిషియేటివ్ పెద్ద కష్టం కాదు. అలాగని డబ్బుతో అన్నీ జరగవు. 2025లో హోటల్, విమానాశ్రయ కార్మికుల కనీస వేతనం పెంచిన చట్టాన్ని ఆపాలని వ్యాపార సంస్థలు 93,000 కన్నా చాలా ఎక్కువ సంతకాలు ఇచ్చాయి. లెక్క తేల్చేసరికి చెల్లినవి ఆ గీత దాటలేదు. మరోవైపు 2022లో సంతకాలతో వచ్చిన 'యూఎల్ఏ' ప్రతిపాదన 50 లక్షల డాలర్లు దాటిన స్థిరాస్తి అమ్మకాల మీద పన్ను వేసింది. ఇక్కడ ఒక న్యాయపరమైన మెలిక ఉంది. ఇలాంటి ప్రత్యేక పన్నును కౌన్సిల్ ప్రతిపాదిస్తే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. జనం సంతకాలతో వస్తే సగానికి ఒక్క ఓటు ఎక్కువైనా చాలని కాలిఫోర్నియా కోర్టులు 2017 అప్‌లాండ్ తీర్పు తర్వాత చెబుతూ వచ్చాయి. యూఎల్ఏ యాభై ఏడు శాతం పైచిలుకుతో గెలిచింది. కౌన్సిల్ తెచ్చి ఉంటే అది ఓడిపోయినట్టే.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సిలికాన్ వ్యాలీలో గీతల గొడవా బ్యాలెట్ ప్రతిపాదనలూ ఒకచోట ముడిపడిన ఊరు శాంటా క్లారా. జనాభాలో దాదాపు నలభై శాతం ఆసియన్లు, అయినా 2018 దాకా కౌన్సిల్ ఎన్నికలో ఒక్క ఆసియన్ అమెరికన్ గెలిచిన దాఖలా లేదు. కారణం పాత లాస్ ఏంజెలెస్ కారణమే. కౌన్సిలర్లందరినీ ఊరంతా కలిసి ఎన్నుకోవడం. రాష్ట్ర ఓటుహక్కుల చట్టం కింద కేసు నడిచి, 2018లో కోర్టు ఊరిని ఆరు డిస్ట్రిక్టులుగా చేయమంది. ఆ నవంబరులోనే రాజ్ చాహల్ గెలిచాడు. నగర పెద్దలు తమ పద్ధతిలో విభజన చేసుకుంటామని 2018 జూన్‌లోనూ 2020 మార్చిలోనూ ప్రతిపాదనలు ఓటుకు పెట్టారు, ఓటర్లు రెండింటినీ ఓడించారు. దగ్గర్లోని ఫ్రీమాంట్ మాత్రం కేసు దాకా రానివ్వకుండా ముందే డిస్ట్రిక్టులకు మారిపోయింది.

ఇక్కడి నుంచి చూస్తే మన నగరాల్లో వార్డుల గీతలు ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తాయి. ముసాయిదా పెడతారు, అభ్యంతరాలు తీసుకుంటారు, తుది జాబితా ఇస్తారు. సంతకాలతో చట్టం తెచ్చే హక్కు ఓటరుకు లేదు. గీత అధికార పార్టీకి అనుకూలంగా గీశారన్న ఆరోపణ ఏ పార్టీ ఉన్నా వినిపిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం మనం మెరుగు. 2009లో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు 150 డివిజన్లతో జరిగాయి. 2011 జనాభా లెక్కన ఒక్కో కార్పొరేటర్‌కు సగటున 45,000 మంది. లాస్ ఏంజెలెస్‌లో ఒక్కో కౌన్సిలర్‌కు సుమారు 2,60,000 మంది. న్యూయార్క్‌లో కౌన్సిల్ సభ్యులు 51, చికాగోలో 50.

లాస్ ఏంజెలెస్ జనాభా 1920లో ఆరు లక్షల లోపు, 2020లో 39 లక్షలు. కౌన్సిలర్లు మాత్రం అదే 15 మంది. గీతలు ఎవరు గీసినా ఇంత పెద్ద డిస్ట్రిక్టులో ఒక పేట జనానికి గుర్తింపు దొరకడం కష్టమని సంస్కర్తలు మళ్లీ అంటున్నారు, 2025లో వేసిన చార్టర్ సంస్కరణ సంఘం ముందుకు ఈ ప్రశ్న కూడా వచ్చింది. ఇంతకు ముందు ఓసారి దీన్ని జనాన్నే అడిగారు. 1999 జూన్‌లో కొత్త చార్టర్‌తోపాటు కౌన్సిల్‌ను 21కి పెంచుదామా, 25కి పెంచుదామా అని రెండు వేర్వేరు ప్రతిపాదనలు బ్యాలెట్ మీద పెట్టారు. చార్టర్‌ను ఓటర్లు గెలిపించారు. ఆ రెండింటినీ ఓడించారు.